రెండో మేకు

ఆరు రోజులు బట్టీలో ఇటుకలు కాల్చి, ఏడో రోజు యాంత్రా ఏటి గట్టున గాలం వేసుకుని కూర్చునే దోబ్రీ పోయాడు. ఊళ్లో ఎవరు పోయినా వేసినట్టే అతని ఫొటోతో చావు కాగితాలు వేయించారు. ఒకటి తలుపుకి, ఒకటి బస్టాపులో అంటించాక, మూడోది సంచీలో పెట్టుకుని ఏటికి బయల్దేరింది భార్య త్సోంకా.

"అక్కడెవరు చదువుతారమ్మా, చేపలా?" అంది కూతురు జ్లాతినా.

"చదవనీ. ఇక భయం లేదని వాటికీ తెలియాలిగా!"

ప్రతి ఆదివారం దోబ్రీ బతిమాలేవాడు. "ఒక్కసారి ఏటికి రావే. అక్కడ చెట్టుకి నా సంచీ తగిలించే మేకు కింద నీ సంచీకీ ఒక మేకు కొట్టి ఉంచాను."

"ఈ బట్టలన్నీ మీ అమ్మమ్మ వచ్చి ఉతుకుతుందా? వచ్చే వారం చూద్దాంలే."

పిల్లలు పుట్టారు, వాళ్లకి పెళ్లిళ్లయ్యాయి. ఆ వచ్చే వారం మాత్రం రాలేదు. మేకు మాట తనని ఊరించడానికే అనుకుంది త్సోంకా.

గట్టు మీది చెట్టుకి నిజంగానే రెండు మేకులున్నాయి. పైది దోబ్రీ సంచీ రాసుకుని నున్నగా మెరుస్తోంది. మునివేళ్ల మీద లేచి దానికి కాగితం గుచ్చింది. కిందది సరిగ్గా ఆమె చేతికందే ఎత్తులో ఉంది. ఎన్నేళ్ల కిందట కొట్టాడో, బెరడు దాన్ని తలదాకా మింగేసింది.

త్సోంకా తన సంచీ దానికి తగిలించింది. జారి పడింది. మళ్లీ తగిలించింది.