గుర్రాలకు సెలవు రాసిన దస్తగిరి సాహెబు గారు

గుర్రాల సంగతి ఆమూలాగ్రం ఎరిగిన మహానుభావుడు కన్నుమూస్తే, ఆయన గురించి నాలుగు ముక్కలు రాయడానికి మార్కాపురంలో చివరికి నాలాంటి గాడిద మిగిలింది. నేను మూడో ఫారంలో రెండేళ్లు కూర్చుని, మూడో ఏడు కూర్చోవడానికి బెంచీ ఒప్పుకోక బయటికొచ్చి, నాటి నుంచి జట్కా తోలుకుంటున్నవాణ్ణి. ఇందులో పెద్ద మాటలు ఎక్కడైనా సరిగ్గా పడితే అది ప్రతిని దిద్దిన అయ్యవారి పుణ్యం. పడకపోతే నా స్వార్జితం.

గడిచిన శుక్రవారం తెల్లవారి స్టేషనుకు బండి కడుతుండగా కబురు వచ్చింది, దస్తగిరి సాహెబు గారు దివంగతులైనారని. తెచ్చినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ముందురోజు సాయంత్రమే కదా ఆయన నా గుర్రం ముందుకాలు ఎత్తి చూసి, లాడం నా బుద్ధి మాదిరే వదులుగా ఉందని చెప్పి పోయింది! డెబ్బై దాటిన మనిషి. తెల్లవారుజామున ఫజరు నమాజు చేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నారట, మళ్లీ లేవలేదట. పగ్గం నా చేతిలోనే ఉండిపోయింది.  గుర్రమే విసుగొచ్చి నా భుజం మీద మూతి పెట్టి నెట్టింది.

ఆయన్ని ఎరగని పాఠకుల కోసం చెబుతాను. సాహెబు గారు పడుచుతనంలోనే మద్రాసు పోయి, గిండీలో దొరల పందెపు గుర్రాలను కాస్తూ ఇరవై ఏళ్లు గడిపారు. ఒకనాడు ఒక రేకు పెట్టెతో, ఒక గుర్రపు బ్రష్షుతో మార్కాపురం తిరిగొచ్చి, పలకల గనులకు పోయే దారిలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. సన్నటి మనిషి, వంగిన కాళ్లు, మనిషి కంటే పెద్ద అరచేతులు. సొంతానికి ఒక్క గుర్రం లేదు. ఊళ్లో గుర్రాలన్నీ ఆయనవే. మేం జట్కావాళ్లం వాటికి మేత పెట్టేవాళ్లం, అంతే.

మా వైపు సంగతి తెలిసిందే. చెన్నకేశవస్వామి తిరునాళ్లకు జట్కా గుర్రాలను గుండ్లకమ్మ ఏటి ఇసుకలో పరిగెత్తిస్తారు. అది కాగానే గిద్దలూరులో ఒక పందెం, ఆ తర్వాత త్రిపురాంతకంలో మరొకటి. ఆయన రాకముందు ఒకే గుర్రాన్ని మూడు చోట్లా వరసగా తోలేవాళ్లం. వేసవి ముగిసేసరికి సగం గుర్రాలు కుంటేవి. దిష్టి తగిలిందని నిమ్మకాయలు కోసేవాళ్లం. సాహెబు గారు వచ్చిన రెండో ఏడే ఒక ఆచారం పెట్టారు. పందెం ముగిసిన సాయంత్రం ఎవరి గుర్రం కళ్లెం వాళ్లు తెచ్చి ఆయన వసారాలో మేకుకు తగిలించి పోవాలి. గుర్రం మళ్లీ పరిగెత్తడానికి తగినదైన రోజున ఆయనే స్వయంగా తెచ్చి ఇస్తారు. ఈ అధికారం ఆయనకు ఏ కలెక్టరూ ఇవ్వలేదు. అయినా కలెక్టరు మాట కంటే బాగా చెల్లింది.

ఎన్ని రోజుల విశ్రాంతి కావాలి సాహెబు గారూ అని అడగనివాడు లేడు. మూడు వారాలకు తగ్గించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కొన్నిటికి ఆరు వారాలు కూడా చెప్పేవారు. కానీ లెక్క పంచాంగంలో లేదనేవారు. పొద్దున తొట్టిలో ఉలవలు మిగిలాయా లేదా, రాత్రి పక్కకు వాలి నిద్రపోయిందా లేక నిలబడే కునికిందా, మోకాలి కింద నరం చల్లగా ఉందా వెచ్చగా ఉందా, ఇవీ ఆయన తిథి వార నక్షత్రాలు. "పందెం నీకు అయిపోయింది అల్లుడా. దానికి ఇంకా కాళ్లలో నడస్తానే ఉండాది," అన్న మాట నాతో ఎన్నిసార్లు అన్నారో.

విశ్రాంతి అంటే కట్టేసి ఉంచడమని ఆయన ఒప్పుకునేవారు కాదు. ఒక పలకల వ్యాపారి తన గుర్రాన్ని నెల రోజులు గుంజకు కట్టేసి, కాళ్లు వాచాయేమని సాహెబు గారిని పిలిచాడు. ఆయన చూసి, "ఇది విశ్రాంతి కాదు బావా, జైలు," అని తాడు విప్పి, రోజూ తానే పగ్గం పట్టుకుని ఊరంతా మెల్లగా నడిపించారు. వ్యాపారి వెనక నడిచాడు. నెల తిరిగేసరికి గుర్రం వాపూ తగ్గింది, వ్యాపారి పొట్టా తగ్గింది.

ఇక నా ఘనకార్యం చెప్పకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. పన్నెండేళ్ల కిందటి మాట. నాకు రంగి అనే ఆడ గుర్రం ఉండేది. మా ఇంట్లో సంపాదించేది అదొక్కటే. నేను ఊరికే దాని వెనక కూర్చునేవాణ్ణి. ఆ ఏడు తిరునాళ్లలో రంగి అందరి కంటే ముందు వచ్చింది. పదో రోజున గిద్దలూరులో పందెం. గెలిచినవాడికి ఒక కలప కాంట్రాక్టరు కొత్త జట్కా ఇస్తానన్నాడు. నా జట్కా అప్పటికే తాళ్లతో కట్టిన బండి. ఎక్కినవాళ్లు దేవుణ్ణి తలుచుకుని ఎక్కేవారు. కొత్త బండి మీద నాకు మనసు పడింది. ఇంట్లో చెప్పాను, స్టేషనులో చెప్పాను, దారిలో కనిపించినవాళ్లందరికీ చెప్పాను.

ఆచారం ప్రకారం కళ్లెం సాహెబు గారి మేకుకు వేలాడుతోంది. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి తొట్టి చూసేవారు. సగం ఉలవలు అట్లాగే ఉండేవి. "ఇంకా కాలేదు," అని పోయేవారు. ఆరో రోజు నుంచి నేనొక ఉపాయం చేశాను. ఆయన రాకముందే లేచి, మిగిలిన ఉలవలన్నీ ఎత్తి మా మేకకు పెట్టాను. మూడు రోజులు తొట్టి అద్దంలా ఉంది. మూడో నాడు ఆయన తొట్టి చూశారు, నన్ను చూశారు, తర్వాత మూలన చూశారు. మేక పొట్ట డోలు మాదిరి ఉబ్బి, నాలుగు కాళ్లూ చాచుకుని పడి ఉంది.

"అల్లుడా, రంగి ఇంకా కోలుకోలే గానీ మేక మాత్రం బాగా తయారైంది. గిద్దలూరుకు దాన్ని తోలుకపో," అన్నారు. అని ఊరుకోలేదు. వాము నీళ్లు కాయించి మేక చేత తాగించి, దాన్ని కూడా కాసేపు నడిపించారు. నాకు సిగ్గు వేయవలసింది. రోషం వచ్చింది.

వేరేవాడి కళ్లెం అడిగి తెచ్చి, రంగిని గూడ్సు పెట్టెలో ఎక్కించి గిద్దలూరు చేరాను. నా లెక్క ఏమిటంటే, నడవకుండా రైల్లో పోతోంది కాబట్టి ఆ ప్రయాణం కూడా విశ్రాంతి కిందికే వస్తుంది. మూడో ఫారం లెక్కలు ఎందుకు తప్పానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

పందెం గీత దగ్గర రంగి పక్కన నిలబడి ఉండగా, జనాన్ని తప్పించుకుంటూ సాహెబు గారు వచ్చారు. పొద్దుటి పాసింజరుకు వచ్చారట. రంజాను నెల, ఉపవాసం మీద ఉన్నారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. తిడతారనుకున్నాను. తిట్టలేదు. నా మణికట్టు పట్టుకుని కిందికి వంచారు.

"రెండు కాళ్లూ పట్టుకోని చూడు. ఏది వెచ్చగుందో నువ్వే చెప్పు. చెప్పినాక నీ ఇష్టం, నేను అడ్డం రాను."

ఎడమకాలు కుండలా చల్లగా ఉంది. కుడికాలు మోకాలి కింద, పెనం మీద నుంచి దించిన జొన్నరొట్టెలా ఉంది. ఒక్క అబద్ధం ఆడితే పరుగు మొదలవుతుంది, కొత్త బండి వచ్చినా రావచ్చు. పుట్టిన నాటి నుంచి అబద్ధానికి తడుముకోని నాలుక నాది. ఆ రోజు ఎందుకో తిరగలేదు.

"కుడిది మామా," అన్నాను.

"పోదాం పద," అన్నారు.

కాంట్రాక్టరు మనుషులు నవ్వారు. మార్కాపురం గుర్రం గిద్దలూరు చూసిపోను వచ్చినట్టుందని ఒకడు అన్నాడు. చూసినామన్నా, చూసేందుకేమీ లేదు, అందుకే పోతాండామని చెప్పి వచ్చాను. 

ఆ సాయంత్రం ఆయన చుట్టాల ఇంటి పెరట్లో రంగి కాలికి తడి గుడ్డ చుట్టి, ఖర్జూరం పండుతో ఉపవాసం విడిచి, మద్రాసు ఎందుకు వదిలిపెట్టారో చెప్పారు. అంతకు ముందెన్నడూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. ఆయన కాసే గుర్రం ఒకటి శనివారం గెలిచింది. వచ్చే శనివారం మళ్లీ పరిగెత్తించాలని యజమాని పట్టుబట్టాడు. కాలు వెచ్చగా ఉన్న సంగతి ఆయన చేతికి తెలుసు. చెబితే కొలువు పోతుందని చెప్పలేదు. మలుపులో కాలు విరిగింది. కాలు విరిగిన గుర్రాన్ని ఏం చేస్తారో తెలిసిందే. "తుపాకి తెచ్చేదాకా దాని తల నా ఒళ్లోనే ఉండె. అది నన్నే చూస్తా ఉండె," అని రంగి కాలి గుడ్డ మళ్లీ తడిపారు. రైల్లో గుర్రం ప్రతి కుదుపుకూ కాళ్లు బిగబట్టి నిలబడుతుందని, ఆ దూరమంతా అది పనిచేసినట్టేనని కూడా అప్పుడే చెప్పారు. తిట్లు అంతవరకే.

నాలుగు రోజులు అక్కడే ఉండి, వాపు తీశాక, దారిలో కంభంలో ఒక రోజు దించి, ఇంటికి చేర్చాం. రంగికి రెండు నెలల సెలవు రాశారు. ఆ రెండు నెలలూ తోటి జట్కావాళ్లు వంతుల వారీగా వాళ్ల బండి నాకు ఒక్కో పూట ఇవ్వాలని కూడా ఆయనే శాసించారు. నా పిల్లలు పస్తుండలేదు. కొత్త జట్కా రాలేదు గానీ, రంగి ఇంకో తొమ్మిదేళ్లు ఆ తాళ్ల బండిని లాగింది. మరుసటేడు త్రిపురాంతకంలో గెలిచి నాకు తలపాగా కూడా చుట్టించింది. ఈనాడు నేను తోలుతున్నది దాని కూతుర్నే.

మొన్న శుక్రవారం ఆయన్ని మోసుకుపోయిన రోజున మార్కాపురంలో ఒక్క జట్కా కదల్లేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు; ఎవరి గుర్రాన్ని వాళ్లు విప్పేశారు. పాసింజరు దిగిన జనం పెట్టెలు నెత్తిన పెట్టుకుని, మమ్మల్ని శపిస్తూ ఊళ్లోకి నడిచారు. ఆ అరచెయ్యి వంటి అరచెయ్యి ఈ తాలూకాలో మరొకటి లేదు. దాని కింద నిలబడిన ప్రతి గుర్రం తరఫునా, ఆ అశ్వహృదయవేత్తకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ లోటు పూడేది కాదు.

మర్నాడు హుసేన్‌బీ అత్తను పలకరించబోయాను. సాహెబు గారి భార్య. వసారాలో చాప మీద కూర్చుని ఉంది. గిద్దలూరు కథంతా చెప్పి, నోరులేని జీవాల అలసట మామకు తెలిసినంతగా ఈ లోకంలో ఎవరికీ తెలియదు అత్తా అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది, నా వైపు చూసి కొంచెం నవ్వింది.

"నిజమే నాయనా. నీ గుర్రం కాలు వెచ్చగుందని ఆయన గిద్దలూరు పోయిన పొద్దు నాకు ఒళ్లు కాలిపోతా ఉండె. నాకు నోరుండె గదా, అందుకే నన్ను పట్టుకోని చూడలే."