ఆవగింజను పెంచిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు బస్సులో తెలిసింది. ఆమెని చూడటానికి ఉయ్యూరు నుంచి బెజవాడ ఆసుపత్రికి బయల్దేరాను. బస్సు కంకిపాడులో ఆగి మళ్ళీ కదులుతుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. "పెద్దమ్మ ఇక లేదమ్మా. నిద్రలోనే పోయింది. నువ్వు కంగారు పడకుండా రా" అన్నాడు. కిటికీలోంచి చూస్తే యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు గుంపుగా రోడ్డు దాటుతున్నారు. ఆ ఊరి హైస్కూల్లోనే పెద్దమ్మ డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైంది. ఆమె విజిల్ ఊదితే రోడ్డు మీద సైకిళ్ళవాళ్ళు కూడా ఆగేవారని మా అమ్మ చెప్పేది.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఇంటికి ఫోన్ చేసి, "గింజ తిన్నదా అత్తయ్యా?" అని మా అత్తగారిని అడిగాను.

"తిన్నదమ్మా. తిని ఎండలో పడుకుంది. ఏం?"

అప్పుడు ఏడ్చాను. పక్క సీటులోని ఆవిడ తన నీళ్ళ సీసా నా చేతికిచ్చింది.

గింజ అంటే పెద్దమ్మ కుక్క. పూర్తి పేరు ఆవగింజ. టాయ్ పామ్, అంటే బుల్లి పొమరేనియన్, అంటారు ఆ జాతిని. ఒళ్ళంతా బొచ్చు, బొచ్చు మధ్యలో రెండు నల్లటి కళ్ళు. తడిపితే అందులో సగం కూడా ఉండదు. ఈమధ్య ఫోన్లలో వీడియోలు చూసి ముచ్చటపడి ఇలాంటివాటిని కొనేవాళ్ళు ఎక్కువయ్యారు. మీ ఇంట్లో కూడా పిల్లలు అడుగుతూ ఉండొచ్చు. కొనేముందు మా పెద్దమ్మ సంగతి కొంచెం వినండి.

పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. పటమటలో ఒక అపార్ట్‌మెంటులో రెండో అంతస్తులో ఒక్కతే ఉండేది. పై అంతస్తులో అద్దెకున్న కుర్ర దంపతులు పాప పుట్టినరోజుకి ఈ కుక్కని కొన్నారు. ఏంజెల్ అని పేరు పెట్టారు. పాప దాన్ని బొమ్మని ఎత్తినట్టు ఎత్తేది, నొక్కేది, పడుకుంటే లేపేది. ఒకరోజు అది పాప పెదవి మీద కరిచింది. గాయం చిన్నదే. కానీ ఇక ఆ ఇంట్లో దానికి చోటు లేకుండా పోయింది. వాళ్ళు వేరేవాళ్ళకి ఇస్తే, వాళ్ళూ వారం తిరక్కుండా వెనక్కి తెచ్చి ఇచ్చేశారు. ఆఖరికి ఆ అబ్బాయి దాన్ని బుట్టలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే పెద్దమ్మ ఎదురైంది.

"ఎక్కడికి బాబూ?"

"మైలవరం దగ్గర మా వాళ్ళ మామిడితోట ఉందండీ. అక్కడ వదిలేద్దామని. తోటకి కాపలాగా ఉంటది కదండీ."

పెద్దమ్మ బుట్టలోకి చూసింది. అది పళ్ళు బయటపెట్టి గుర్రుమంది.

"దీన్ని తోటలో వదిలితే ఇదేం కాపలా కాస్తది నాయనా? కోతి ఎత్తుకుపోద్ది. ఇటివ్వు."

ఆమె అప్పటిదాకా కుక్కని పెంచలేదు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, షుగరు. మేమంతా వద్దన్నాం. "ఇంత కోపిష్టిదానికి ఏంజెల్ అని పేరేంటే" అని మాత్రం అంది మాతో. ఆ సాయంత్రానికే అది ఆవగింజ అయింది. మర్నాటికి పెద్దమ్మ రెండు వేళ్ళకి కట్లున్నాయి.

మొదటి రోజులు ఘోరం. అది సోఫా కిందనుంచి వచ్చేది కాదు. వస్తే దుప్పటి మీద పాస్ పోసేది. కుక్కర్ కూతకి అరిచేది, కాలింగ్ బెల్లుకి అరిచేది, కిటికీలో వాలిన పావురానికి అరిచేది. ఆ చిన్న గొంతుకి నాలుగు అంతస్తులూ మేలుకునేవి. అపార్ట్‌మెంటు పెద్దలు వచ్చి కూర్చున్నారు. "మేడమ్ గారూ, మీరంటే మాకు గౌరవమే గానండీ..." అని నసిగారు. పెద్దమ్మ వాళ్ళకి మజ్జిగ ఇచ్చి, "ఈ వేసవి పోనివ్వండి. అప్పటికీ ఇలాగే అరిస్తే నేనే ఖాళీ చేస్తాను. కుక్కనొక్కదాన్నే పంపను, దాంతో నేనూ పోతాను" అంది. వాళ్ళు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

తర్వాత దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. డాక్టరమ్మ ఏదీ దాచలేదు. వీటి ఎముకలు పుల్లల్లా ఉంటాయంది. మంచం మీదనుంచి దూకినా ముందుకాలు విరగొచ్చు. మెడకి పట్టీ వేసి లాగితే గొంతుగొట్టం నలిగిపోతుంది, ఛాతీకి వేసే పట్టీయే వాడాలి. ఒక పూట తినకపోతే నీరసించి పడిపోతుంది. పళ్ళు తొందరగా పాడవుతాయి. బెజవాడ ఎండలు అసలు పడవు. ఒక్క మనిషినే అంటిపెట్టుకుని, ఆ మనిషి కనబడకపోతే బెంగ పెట్టుకుంటుంది.

పెద్దమ్మ అంతా విని, "మరి కరవడం?" అని అడిగింది.

"భయమండీ. దాని ఎత్తు నుంచి చూడండి. ప్రతి మనిషీ తాడిచెట్టే. మీదకి వంగే ప్రతి చెయ్యీ ఎత్తుకుపోవడానికే వస్తున్నట్టుంటది."

ఇంటికి రాగానే పెద్దమ్మ తన మంచం వాచ్‌మన్ కుటుంబానికి ఇచ్చేసింది. పరుపు నేల మీద వేసుకుంది. కింద నుంచి లేవడానికి గోడ పట్టుకోవాల్సివచ్చేది. "నీ మోకాళ్ళేం కావాలి పెద్దమ్మా?" అంటే, "నా మోకాళ్ళు నా మాట వింటాయి. దాని కాలు విరిగితే ఎవరి మాటా వినదు" అంది.

ఇక డ్రిల్లు మొదలైంది. మొదటి నియమం, ఎత్తుకోకూడదు. మెట్ల దగ్గర, వీధి కుక్కలు మీదికొచ్చినప్పుడు తప్ప అది తన కాళ్ళ మీదే నడవాలి. "ఎత్తుకోవడం ప్రేమనుకుంటారే జనం. మనకి సుళువని ఎత్తుకుంటాం. దానికి భూమ్మీద నడిచే ధైర్యం ఎవరిస్తారు?" అనేది. రెండోది, చిన్నదని దాని తప్పుల్ని వదిలెయ్యకూడదు. "ఇదే పని ఇంత పెద్ద కుక్క చేస్తే ఊరుకుంటామా? నా క్లాసులో కూడా అందరూ ముద్దు చేసే పొట్టిదే అందరికన్నా అల్లరిది."

కాలింగ్ బెల్లు పాఠానికి నన్ను వాడుకుంది. నేను తలుపు బయట, ఆమె గింజతో లోపల, చేతిలో ఉడికించిన కోడిమాంసం తునకలు. నేను బెల్లు నొక్కాలి. అది అరవడం ఆపి ఊపిరి తీసుకున్న క్షణంలో ఆమె ఒక తునక ఇస్తుంది. లోపల్నుంచి "ఊఁ, ఇంకోసారి" అని కేక. నేను నొక్కుతూనే ఉన్నాను. ఎదురింటాయన తలుపు తీసి, "మేడమ్ గారు లోపలే ఉన్నారమ్మా, బెల్లు పాడైందేమో" అన్నాడు. "పాడవలేదండీ, గింజకి క్లాసు జరుగుతోంది" అన్నాను. ఆయన కాసేపు నిలబడి చూసి, "మీరు ఇంటికెళ్ళండమ్మా, రేపు నేను నొక్కుతా" అన్నాడు. చాలాకాలం ఆయనే నొక్కాడు.

పొద్దు పొడవకముందే కాలవ గట్టు మీద నడిపించేది. దారిలో ప్రతివాళ్ళూ "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అంటూ వంగేవారు. పెద్దమ్మ అరచెయ్యి అడ్డంపెట్టి ఆపేది. "దాని పక్కన కూర్చోండి. అది వస్తే ముట్టుకోండి. రాకపోతే దానికి ఇష్టం లేదని." కొందరు మూతి ముడుచుకునేవారు. కొందరు నిజంగానే గట్టు మీద కూర్చునేవారు. గింజ వాళ్ళ చుట్టూ తిరిగి, వాసన చూసి, ఒకరోజు తనంతట తాను ఒక కాలేజీ అమ్మాయి మోకాలి మీద కాలు పెట్టింది. పెద్దమ్మ ఆ రోజు అందరికీ ఫోన్లు చేసింది.

వేసవి దాటింది. ఖాళీ చెయ్యమని ఎవరూ రాలేదు. పై అంతస్తు పాప కూడా మెట్ల మీద కూర్చుని, చెయ్యి చాచకుండా ఎదురుచూడటం నేర్చుకుంది.

ఆ తర్వాతే పెద్దమ్మ కిడ్నీలు పాడయ్యాయని తేలింది. డయాలసిస్ మొదలైంది. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ గింజ తలుపు దగ్గర కూర్చుని తిండి మానేసేది. ఒక మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చేసరికి అది కాళ్ళు చల్లబడి వాలిపోయి ఉంది. చిగుళ్ళకి తేనె రాసి, తను వచ్చిన ఆటోలోనే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. గండం గడిచింది. ఆ సాయంత్రం నేను వెళ్ళాను. పెద్దమ్మ పరుపు మీద కూర్చుని ఉంది, గింజ ఆమె కాలికి ఆనుకుని ఉంది.

"అన్నీ నేర్పాను గానీ అమ్మాయ్, ముఖ్యమైంది నేర్పలేదే."

"ఏంటి పెద్దమ్మా?"

"నేను లేకుండా ఉండటం."

"అలాంటి మాటలెందుకు ఇప్పుడు?"

"నాకు చావంటే భయమై అనట్లేదు. దీనికి నేనొక్కదాన్నే లోకమైపోయాను. అలా చెయ్యడం నా తప్పు. తప్పు దిద్దడానికి ఇంకా టైముంది."

మా ఇల్లు చూడటానికి ఉయ్యూరు వచ్చింది, పెళ్ళిచూపులకి వచ్చినట్టే. గేటు సందులు చూసింది, మెట్ల ఎత్తు చూసింది. నేనూ మావారూ, "మేం ప్రాణంలా చూసుకుంటాం" అన్నాం. పెద్దమ్మ మా మాట పట్టించుకోలేదు. వసారాలో గోంగూర ఒలుస్తున్న మా అత్తగారి దగ్గరికెళ్ళి కూర్చుంది.

"గింజని మీ దగ్గర ఉంచుదామనుకుంటున్నా వదినా."

అత్తగారు తలెత్తారు. "నాకు కుక్కలు పడవు వదినా. మీకు తెలుసుగా. నేను దాన్ని ముట్టుకోను కూడా."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. వీళ్ళిద్దరూ ముద్దుచేసి పాడుచేస్తారు. మీరు వేళకి తిండి పడేసి మీ పని మీరు చూసుకుంటారు. దానికి అలాంటి మనిషే కావాలి."

అత్తగారు చాలాసేపు ఆకులు ఒలిచి, "మాంసం మాత్రం కోడలే ఉడకబెట్టాలి" అన్నారు.

మొదటిసారి గింజని మా ఇంట్లో వదిలిన రోజు నేను మర్చిపోలేను. పెద్దమ్మ దానికి ముద్దు పెట్టలేదు, వెళ్ళొస్తానని చెప్పలేదు. అది చూస్తుండగానే చెప్పులేసుకుని గేటు దాటింది. వెనక నుంచి మొదలైంది ఏడుపు. అరుపు కాదు, సన్నగా, పసిపిల్ల ఏడుపు. వీధి చివరిదాకా వినబడింది. పెద్దమ్మ నడక మారలేదు. బస్టాండులో బెంచీ మీద కూర్చుని, చీర కొంగు పిడికిట్లో బిగించింది.

"ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూద్దాం పెద్దమ్మా" అన్నాను నేనే తట్టుకోలేక.

"వద్దు. ఇప్పుడెళ్తే, ఏడిస్తే వస్తానని నేర్పినదాన్నవుతాను. నేను రాలేని రోజొకటి వచ్చిద్ది. ఆ రోజు అది ఎంతసేపు ఏడవాలి?"

బస్సొచ్చింది. ఎక్కింది. కిటికీ దగ్గర కూర్చుంది గానీ నా వైపు చూడలేదు.

ముందు ఒక పూట, తర్వాత ఒక రాత్రి, తర్వాత వారం. ప్రతిసారీ అదే నడక. ప్రతిసారీ అత్తగారి నుంచి ఫోనులో నివేదిక. "తినలేదు వదినా." "కొంచెం తిన్నది." "నా మంచం కింద పడుకుంటంది, నేను పిలవలేదు." డయాలసిస్ మంచం మీదనుంచి పెద్దమ్మ వినేది. నర్సులకి కూడా గింజ చదువు ఎందాకా వచ్చిందో తెలుసు.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు ఆమె ఉయ్యూరు వచ్చింది. గేటు చప్పుడుకి గింజ పరుగున వెళ్ళి, ఆమె చుట్టూ తిరిగి, చేతులు నాకి, తోకాడించింది. తర్వాత వెనక్కి వచ్చి, బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మా అత్తగారి చాప మీద పడుకుంది. అత్తగారికి సిగ్గేసింది. "పోవే, మీ అమ్మొచ్చింది" అని చేటతో కదిపారు. అది కదల్లేదు.

పెద్దమ్మ గేటు దగ్గరే నిలబడి చూసింది. ముఖంలో ఏం కదిలిందో నేను రాయలేను. తర్వాత లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, "పాసైందే" అంది. "సగం గ్లాసు కాఫీ ఇవ్వు. ఇవాళ్టికి డాక్టరు ఏమీ అనడులే."

చిన్నప్పుడు సెలవులకి వెళ్తే మమ్మల్ని కూడా డ్రిల్లులో నిలబెట్టిన మనిషి ఆమె. ఎండలో కళ్ళు తిరిగి పడిపోతామని ఏడిస్తే నీళ్ళిచ్చి మళ్ళీ నిలబెట్టేది. అప్పుడది కాఠిన్యమనుకున్నాం. ప్రేమించినవాళ్ళు మన మీద ఆధారపడకుండా ఉండేటట్టు చెయ్యడానికి ఎంత గట్టి గుండె కావాలో ఆమె ఆఖరి ఏడాదిలోగానీ నాకు అర్థం కాలేదు.

ఆమెని కంకిపాడులోనే సమాధి చేశాం. పాస్టరు గారు ప్రార్థన ముగించాక ఒకప్పటి విద్యార్థినులు, ఇప్పుడు తలలు నెరిసినవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే వరసలో నిలబడి ఒక్కొక్కరే మట్టి వేశారు. ఎదురింటాయన పై అంతస్తు పాపని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

ఇప్పుడు చెరకు సీజను. పొద్దస్తమానం మా వీధి చివర చెరకు ట్రాక్టర్లు చక్కెర ఫ్యాక్టరీ వైపు పోతూంటాయి. నిన్న సాయంత్రం గింజ గేటు కమ్మీల మధ్య ముక్కు పెట్టి వాటిని చూస్తోంది. గాలికి ఎగిరొచ్చిన ఎండుటాకు పీలికలు దాని బొచ్చులో చిక్కుకున్నాయి. లోపల్నుంచి మా అత్తగారు, "చలి మొదలైంది, రావే" అన్నారు, గొంతు పెంచకుండా. అది ఒళ్ళు ఒకసారి దులుపుకుని, వీధికి వీపు తిప్పి, చిన్న చిన్న అడుగులేసుకుంటూ ఆ పిలుపు వైపు వెళ్ళిపోయింది.