చంద్రుడు ఎవరి పాఠం?

మా చరిత్ర మేష్టరు పోయారన్న కబురు ఆదివారం పొద్దున చింతామణి బస్సు కండక్టరు తెచ్చాడు. శనివారం చింతామణిలో కూతురింటికి వెళ్ళిన మనిషి ఆదివారం తెల్లవారేసరికి లేరు. "నిద్రలోనే పోయినారంట సార్" అని చెప్పి కండక్టరు బస్సెక్కాడు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. రిటైరు కావడానికి ఆయనకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. అప్పటికల్లా ఒక పని పూర్తిచేయాలని పట్టుబట్టి కూర్చున్నారు. ఆ పని జరగలేదు. జరగనీయని వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

రష్యా వాళ్ళు తొలి ఉపగ్రహాన్ని వదిలిన ఏడే నేను బాగేపల్లిలో సైన్సు మేష్టరుగా చేరాను. కొత్త ఉత్సాహం కదా, బోర్డు నిండా కక్ష్యలు గీసి అది కింద పడకుండా ఎలా తిరుగుతుందో చెబుతున్నాను. చరిత్ర మేష్టరు ఎప్పుడొచ్చారో, వెనక బెంచీ మీద పిల్లల మధ్య కూర్చుని చెయ్యెత్తారు.

"ఇది మన తాలూకా మీద పోతాండాది గదప్పా, ఎవుర్ని అడిగి పోతాండాది?"

పిల్లలు గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. "అది నా పాఠం కాదు సార్" అన్నాను.

"మరి ఎవురి పాఠమప్పా?"

నేను బోర్డు వైపు తిరిగి ఇంకో కక్ష్య గీశాను. పన్నెండేళ్ళయింది, ఆ ప్రశ్నకు జవాబు ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

అప్పట్నుంచి ఆయన ఒక నోటుబుక్కు మొదలుపెట్టారు. పేపర్లో ఆకాశం గురించి ఏ వార్త వచ్చినా కత్తిరించి రాగిపిండి గంజితో అంటించేవారు. ఆ గంజికి ఎలుకలు మరిగి అంచులు కొరికేసేవి. మళ్ళీ అంటించేవారు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆకాశం మీద ఒకే పాఠం రాయాలని ఆయన పట్టుదల. ఉపగ్రహం ఎలా ఎగురుతుంది, ఎవరి అనుమతితో, అది ఎవరి చేను మీదైనా పడితే నష్టం ఎవరిచ్చుకోవాలి, మన రైతులు ఏ కార్తెలో ఏ చుక్కను చూసి విత్తనం వేస్తారు, ఇవన్నీ ఒకే పాఠంలో ఉండాలట. "ఎట్ల పోవాలనేది నువ్వు చెప్పు. పోయినాక ఎట్ల బతకాలనేది ఎవురు చెప్పల్ల?" అనేవారు.

ఒకసారి నన్ను వాళ్ళ ఊరు పాతపాళ్యకు తీసుకుపోయారు. కల్లంలో ఆడవాళ్ళు వేరుసెనక్కాయలు ఒలుస్తున్నారు. ఈయన వాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని కాయలు ఒలుస్తూ, చంద్రుడు గోమాళం లాంటిదనీ, ఊరి గొడ్లన్నీ మేసే బయలుకు ఒక యజమాని లేనట్టే దానికీ ఉండకూడదనీ చెప్పారు. ఒక అవ్వ తలెత్తకుండానే అంది.

"గోమాళమయితే మంచిదే. కానీ దున్నుకునేవాడు అందరికన్నా ముందు లేస్తాడు గదప్పా."

ఆయన అక్కడే నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు, చంద్రుడు ఏ దేశానికీ సొంతం కాదని చాలా దేశాలు ఒప్పందం చేసుకున్నాయని పేపర్లో పడింది. హోటల్లో కాఫీ చల్లారిపోతున్నా రెండుసార్లు చదివారు. సంతోషిస్తారనుకున్నాను. "సొంతం కాదని రాసినారు. ముందుగా పోయి తవ్వుకునేవాణ్ణి ఏం చేయల్లనో రాయలేదు. ఆ అవ్వ మాట వీళ్ళకు తట్టలేదు సూడప్పా" అని విసుక్కున్నారు.

మా బడి పుస్తకాలు కన్నడంలోనే కాబట్టి పాఠాన్ని శుభ్రంగా కన్నడంలో రాసి విద్యాశాఖ పై కచేరికి పంపారు. సైన్సు వాళ్ళు చూసి ఇది పౌరశాస్త్రం అన్నారు. పౌరశాస్త్రం వాళ్ళు ఇందులో కార్తెలూ సామెతలూ ఉన్నాయి, భాషావిభాగానికి పొమ్మన్నారు. భాష వాళ్ళు ఇదేదో రాకెట్ల వ్యవహారమన్నారు. ప్రతిసారీ అదే ప్రశ్న, ఇది ఏ విషయం, ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది? ఆయన చెప్పులరిగేలా తిరిగారు. నేను చూడలేక, "మూడు ముక్కలు చేసి పంపండి సార్, మూడూ పాసవుతాయి" అన్నాను. "అన్నదమ్ములు ఆవును మూడు పాళ్ళు చేసుకుంటే పాలు ఎవురు పిండుతారప్పా?" అన్నారు. ఆ మొండితనం మీద నాకు ఇప్పటికీ కోపమే.

చివరికి కచేరి వాళ్ళు సైన్సు ఉపాధ్యాయుడి అభిప్రాయం కావాలన్నారు. కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ఆ వారమే ఇన్‌స్పెక్టరు నన్ను పాఠాలు పూర్తికాలేదని అందరి ముందూ దులిపేశాడు. నా పీరియడ్లు ఈయన తరగతికొచ్చి వేసే ప్రశ్నలకే పోతున్నాయని నాకు కడుపుమంట. అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. "ఉపగ్రహం భాగం సరిగ్గా ఉంది. తక్కినది విజ్ఞానం కాదు" అని రాసి సంతకం పెట్టాను. కచేరి వాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? నా వాక్యమే ఎత్తి రాసి ఫైలు మూసేశారు.

ఆ జవాబును ఆయన స్టాఫ్ రూములో నా పక్కనే కూర్చుని చదివారు. "నువ్వు రాసింది సరిగ్గానే ఉండాదప్పా, తప్పేమీ లేదు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

కబురు తెలిసిన ఆదివారమే చింతామణి వెళ్ళాను, అక్కడ ఆయన కూతురు నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "నిన్న సాయంత్రం గూడా రాస్తానే ఉండె. మళ్ళా పంపిస్తా, ఈసారి మా సైన్సు మేష్టరు బాగా రాస్తాడమ్మా అంటాండె." నేను తలూపాను. ఈసారి బాగా రాసేవాణ్ణో కాదో నాకే తెలియదు.

ఆయన జాగాలో ఇంకా ఎవరినీ వేయలేదు. గురువారం ఆయన పీరియడ్‌కు హెడ్మాస్టరు నన్నే పంపారు. చంద్రుడి మీద మనుషులు కాలుపెట్టి మూడు నెలలు కూడా కాలేదు, పిల్లలకు అదే ధ్యాస. ఒక అమ్మాయి లేచి, "సార్, ముందు పోయినోళ్ళదేనా చంద్రుడు?" అని అడిగింది. అది నా పాఠం కాదని ఈసారి అనలేదు. గంట కొట్టేదాకా మాట్లాడుకున్నాం, మధ్యలో చాలాసార్లు నాకు తెలియదనే చెప్పాను.

తరగతి డైరీలో 'విషయం' అన్న గడి నింపకుండా వదిలేశాను. హెడ్మాస్టరు దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి వెనక్కు పంపారు. డైరీ నా బల్ల మీదే ఉంది. సున్నా లోపల ఇంకా ఏమీ రాయలేదు.