మా మరిది చేసిన చిన్న పెట్టె

మా మరిది డిజైనర్. గోడకి మేకు కొట్టమంటే చేతకాదు గానీ, తలుపు తీసినప్పుడల్లా "ఈ గొళ్ళెం ఎవడు డిజైన్ చేశాడో" అని నిట్టూరుస్తాడు. చిన్నప్పుడు కంచం వంకరగా పెట్టారని ఏడ్చేవాడట. అత్తయ్య ఇప్పటికీ మురిసిపోతూ చెప్తుంది. నేనైతే అప్పుడే వీపు మీద ఒక్కటి వేసుండేదాన్ని.

వాడూ నేనూ ఒకే ఆసుపత్రిలో పని చేస్తాం. ఏ డాక్టరు ఏ పూట ఉంటారో, ఎవరు సెలవో ఆసుపత్రి వెబ్‌సైట్‌లో మార్చడం నా పని. ఆ మార్చే తెరలు తయారుచెయ్యడం వాడి పని. ఇదివరకు మార్పంటే పెద్ద పేజీ ఒకటి తెరుచుకునేది. నిదానమే, కానీ రాసింది రాసినట్టుండేది. ఈ మహానుభావుడొచ్చి డాక్టరు పేరు పక్కన మూడు చుక్కలు పెట్టాడు. నొక్కితే చిన్న మెనూ, అందులో "త్వరగా మార్చు" నొక్కితే తెర మధ్యలో చిన్న పెట్టె. దానికి మూసే ఇంటూ గుర్తు లేదు. అది ఉంటే అందం పోతుందట! పెట్టె బయట ఎక్కడ నొక్కినా అదే మూసుకుంటుంది, మనం రాసిందంతా మింగేసి. సేవ్ అయినా అలాగే మాయమవుతుంది, పోయినా అలాగే మాయమవుతుంది. ఏం జరిగిందో ఆ దేవుడికే తెలియాలి.

"ఎంత తేలిగ్గా ఉందో చూశావా వదినా?" అన్నాడు.

"ఏమయ్యా, ఫోన్ మోగి అటు తిరిగితే రాసింది పోతోంది" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అని పకపకా నవ్వి వెళ్ళిపోయాడు. మాట తనకి నచ్చకపోతే అక్కణ్ణుంచి జారుకోవడం వాడికి వెన్నతో పెట్టిన విద్య.

పోయిన నెల ఎముకల డాక్టరుగారు సెలవు పెట్టారు. పెట్టె తెరిచి రాస్తుండగా వార్డు నుంచి ఫోన్. మాట్లాడి చూసేసరికి పెట్టె లేదు, సేవ్ నొక్కే ఉంటానులే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే కాలికి కట్టుతో ఒక పెద్దాయన, కూతురి భుజం పట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చి తాళం వేసిన గది ముందు కూర్చున్నాడు. "చూసుకునే వచ్చామమ్మా" అని ఆ పిల్ల ఫోన్‌లో మా వెబ్‌సైట్ చూపించింది. నాకు తల కొట్టేసినట్టయింది. మేనేజరు పిలిచి, తప్పు నాదో తెరదో శుక్రవారం మీటింగ్‌లో తేలుద్దామన్నాడు. నాదని తేలితే ఉద్యోగం ఊడినట్టే.

గురువారం భోజనాల దగ్గర మరిది గొంతు సవరించుకున్నాడు.

"నువ్వే పొరపాటున మూసేశానని ఒప్పేసుకో వదినా. నన్ను టీమ్ లీడర్ని చేద్దామనుకుంటున్నారు, ఇప్పుడు మాట పడితే అది పోతుంది."

"నా ఉద్యోగమే పోతుందయ్యా!"

"నీకేం, అన్నయ్య సంపాదిస్తున్నాడుగా."

"చిన్నవాడు కదే, సర్దుకుపో" అంది అత్తయ్య. మా ఆయనేమో టీవీ రిమోట్‌లో బ్యాటరీలు తీసి మళ్ళీ పెట్టుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి కడుక్కుని లేచిపోయాను.

మీటింగ్‌లో వాడు రంగురంగుల బొమ్మలు చూపించాడు. "పెట్టెలో లోపం లేదు సార్, వాడేవాళ్ళకి అలవాటు లేదు" అన్నాడు, నా వైపు చూడకుండా.

"సరే, కళ్ళ డాక్టరుగారు సోమవారం రావట్లేదు. ఇప్పుడే మార్చి చూపించండి" అన్నాడు మేనేజరు.

వాడి చెయ్యి మూడు చుక్కల్ని దాటుకుని, తెర అడుగున ఎవరికీ కనబడకుండా మిగిల్చిన పాత పెద్ద పేజీ లింకు మీదికి పోయింది. తడుముకోలేదు కూడా. రోజూ నడిచే దారిలా పోయింది.

"అదేంటి? మీ పెట్టెలో చెయ్యండి."

"ఇది నిజం మార్పు కదా సార్," అన్నాడు వాడు టైపు చేస్తూనే, "ఇందులో అయితే పోదు."

వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే అందులో పోతుందని మీకు తెలుసన్నమాట" అన్నాడు మేనేజరు.

తెలుసు! ఇన్నాళ్ళూ తెలివితక్కువవాడనుకుని జాలిపడ్డాను. తెలిసే ఆ పెద్దాయన్ని తాళం ముందు కూర్చోబెట్టాడు, తెలిసే నన్ను ఒప్పుకోమన్నాడు. ఛీ, వీడి కోసమా నేను సర్దుకుపోవాల్సింది! ఆ పెట్టెని ఆ పూటే తీయించేశారు. నా కుర్చీ నాకుంది.

సాయంత్రం ఇంటికి రాగానే అత్తయ్య ఎదురొచ్చింది. "ఏమే, నేను చెప్పినట్టు ఒప్పేసుకున్నావా?"

మరిది తలెత్తలేదు. కంచం తిన్నగా జరుపుకుంటున్నాడు.

"నా దాకా రానే లేదత్తయ్యా" అన్నాను. "మీ చిన్నవాడే ఒప్పేసుకున్నాడు."