నడుమ ఒక తెల్ల వరస

రంగులు కలపడం నాకు ఎవరూ నేర్పలేదని చాలాకాలం చెప్పుకున్నాను. అది అబద్ధం. ఇద్దరు నేర్పారు. ఒకరు మా అమ్మ, ఇంకొకరు తార్నాకలో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ. ఇద్దరూ నేర్పినవి ఒకదానితో ఒకటి పొసగవు. నేను ఎవరి పక్షాన నిలబడ్డానో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పుకోదగ్గ సంగతి కాదు.

అప్పుడు యూనివర్సిటీలో ఎమ్మే చదువుతున్నాను. హాస్టల్లో సీటు రాక ఆ ఇంట్లో మేడ మీది గది తీసుకున్నాను. కింద ఓనర్లు, భార్యాభర్తలిద్దరే. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. గుంటూరు నుంచి వచ్చి ముప్పయ్యేళ్లు దాటిందట. ఆమెను నేను ఆంటీ అనేదాన్ని. ఎదురుగా ఎప్పుడూ ‘మీరు’ అనే పిలిచాను. ఇప్పుడు రాస్తుంటే ఆ మర్యాద చేతికి రావడం లేదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరిన రోజులవి. క్లాసులు ఒక వారం జరిగితే మూడు వారాలు జరిగేవి కావు. పొద్దున క్యాంపస్‌కు వెళ్లి, నినాదాలిచ్చి, మధ్యాహ్నానికి గదికి వచ్చేదాన్ని. ఒకరోజు టియర్ గ్యాస్ కళ్లలో పడి, దారి కనబడక, గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరాను. ఆంటీ నన్ను పంపు దగ్గర కూర్చోబెట్టి, దోసిళ్లతో నీళ్లు కొట్టి, చెంగుతో తుడిచి, పెరుగన్నం కలిపి పెట్టింది. “ఆడపిల్లవి, నీకెందుకే ఈ గొడవలు!” అని తిడుతూనే పెట్టింది. ఆమె ఉత్త చెడ్డదైతే నాకు పేచీయే లేకపోయేది.

ఆ మరునాడే వరండాలో కూర్చోబెట్టి క్రోషియా సూది చేతికిచ్చింది. గొలుసు కుట్టు, గుండ్రంగా చుట్లు వేసుకుంటూ పోవడం, చుట్టు పెద్దదవుతుంటే కుట్లు పెంచడం పది రోజుల్లో వచ్చేశాయి. అంబర్‌పేటలో ఊలు దుకాణానికి కూడా తీసుకెళ్లేది. ట్యూబులైటు కింద రంగు నమ్మకూడదని, ఉండలను దుకాణం మెట్ల మీదికి, ఎండలోకి తెప్పించేది. రెండు పోగులు కలిపి వేలికి మెలివేసి, కళ్లు సగం మూసి చూసేది. “ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకటి మధ్యరకం. గోల చేసేవి రెండు ఎప్పుడూ పక్కపక్కన పెట్టకు” అనేది.

అదే నోటితో నా మాటా దిద్దేది. “గీడ కాదమ్మా, ఇక్కడ అనాలి. చదువుకున్నదానివి.” నేను దిద్దుకున్నాను. పొద్దున క్యాంపస్‌లో మన భాష మన యాస అని గొంతు చించుకుని, మధ్యాహ్నం వరండాలో ‘ఇక్కడ’, ‘అక్కడ’ అని అప్పజెప్పేదాన్ని.

మా అమ్మ ఎన్నడూ సూది పట్టలేదు. జనగామ దగ్గర పల్లెలో రెండెకరాల చెలక చేసుకునే మనిషి. కానీ బతుకమ్మ పేర్చడంలో వాడకట్టులో ఆమెను మించినవాళ్లు లేరు. తంగేడు పసుపు పక్కనే ఎరుపు అద్దిన గునుగు పువ్వు పెట్టడానికి ఆమెకు భయం లేదు. మధ్యలో మాత్రం రంగు ముంచని తెల్ల గునుగు ఒక్క వరస పడాలి. “రెండు రంగులకు కొట్లాట వెట్టద్దు బిడ్డా, నడుమ తెల్లది వెయ్యి, రెండూ బతుకుతయి” అనేది. ఆంటీ చెప్పినదానికన్నా ఈ మాటలో ఎక్కువ తెలివి ఉందని నాకిప్పటికీ నమ్మకం.

నేను సొంతంగా అల్లిన మొదటి గుండ్రటి గుడ్డ అమ్మ కోసమే. నడుమ గుమ్మడి పువ్వు పసుపు, ఒక తెల్ల చుట్టు, గులాబీ, మళ్లీ తెలుపు, నీలం, మళ్లీ తెలుపు, చివర బంతి రంగు. ఆ పండుగకు ఇంటికి తీసుకెళ్లి, బతుకమ్మ తాంబాళం కింద పరవాలనుకున్నాను. అది కూడా ఆంటీతో చెప్పాను.

ఆమె రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. “ఏంటమ్మాయ్ ఇది, జాతరకెళ్తున్నామా?” అని నవ్వింది. ఆ సాయంత్రం ఆమె స్నేహితురాళ్లు టీకి వస్తున్నారు. “నేర్చుకునేటప్పుడు ఇలాగే ఉంటుందిలే. విప్పేద్దాం, ఊలెందుకు దండగ” అంది. విప్పనని అనొచ్చు. అనలేదు. పోగు చివర దొరకబుచ్చుకుని నేనే లాగాను. నేను లాగుతుంటే ఆమె ఉండ చుడుతూ, వంకాయ కూరలో ఏం పడితే రుచో చెప్పుకొచ్చింది. పది రోజుల పని పావుగంటలో ఉండలైపోయింది. ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు.

ఆ తెల్ల ఊలుకే మీగడ రంగు, బూడిద రంగు జతచేసి ఇంకోటి అల్లించింది. దాన్ని టీపాయ్ మీద పరిచి, వచ్చినవాళ్లకల్లా “మా పైవాటా అమ్మాయి అల్లింది, ఎంత డీసెంట్‌గా ఉందో!” అని చూపించింది. నేను మురిసిపోయాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొన్ని నెలలకు మా వీధిలోంచి ర్యాలీ వెళ్తుందని తెలిసింది. టీవీలో పగిలిన అద్దాలు చూసి చూసి, గుంటూరు వాళ్లమని తమ ఇంటి మీదా రాళ్లేస్తారేమోనని ఆంటీకి భయం. ముందురోజు రాత్రి భోజనాలవగానే పైకి వచ్చింది. “అమ్మాయ్, నీ దగ్గర రంగులది ఉండాలి కదా, మీ బతుకమ్మలాగా ఉండేది. అది గేటుకి కడదాం.”

“అది విప్పేశాం కదా ఆంటీ.”

“విప్పేశామా?” నిజంగానే మరిచిపోయింది. “అయితే మళ్లీ అల్లెయ్. నీకెంతసేపు!”

విప్పిన ఊలు మెలికలు తిరిగి ఉంటుంది. తడిపి, బరువు కట్టి ఆరేస్తే గానీ సాపు కాదు. అంత వ్యవధి లేదు. తెల్లదంతా టీపాయ్ మీది గుడ్డలోకి పోయింది. ఆ మాటే అంటే, “తెల్లది లేకపోతే ఏమైంది, వాళ్లకేం తెలుస్తుంది” అంది. వాళ్లంటే నా వాళ్లు. టీ తెచ్చిచ్చి, పక్కనే కూర్చుని తొందరపెట్టింది. పసుపు పక్కన గులాబీ, గులాబీ పక్కన నీలం, ఊపిరాడకుండా కుక్కి తెల్లవార్లూ అల్లాను.

పొద్దున్నే గేటుకు కట్టాం. ర్యాలీలో సగం మంది నా క్లాసువాళ్లే. చేతుల్లో డప్పులు తప్ప ఏమీ లేవు. “అరె, మనోళ్ల ఇల్లే!” అని ఎవరో అరిస్తే, అందరూ చేతులూపి ముందుకు పోయారు. కట్టినా కట్టకపోయినా వాళ్లు ఆ ఇంటిని ముట్టుకునేవాళ్లు కాదు. గేటు లోపల నేనూ పిడికిలెత్తాను. వెనక కిటికీ తెర సందులోంచి ఆంటీ చూస్తోంది.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. నాలుగో రోజుకల్లా ఆ గుడ్డ కింది వాకిట్లో కాళ్లు తుడుచుకునే పట్టా అయింది. నేను దాన్ని చూశాను. చూసి, పక్కనుంచి మెట్లెక్కాను.

ఆ వారమే అమ్మ వచ్చింది. బంద్‌లని విని, నన్ను ఊరికి తీసుకుపోదామని మక్క గారెలు మూటగట్టుకుని బయల్దేరింది. ఆంటీ ఆదరంగా “రండమ్మా, లోపలికి రండి” అంది. అమ్మ చెప్పులు విడిచి అడుగు వేయబోయి ఆగింది. పట్టా తొక్కలేదు. వంగి, దుమ్ము దులిపి, చేతిలోకి తీసుకుంది.

“పూలు వేర్చినట్టే ఉన్నది! గిది ఎవలల్లిన్రు బిడ్డా?”

ఆంటీ నా వైపు చూసింది. నేను ఆంటీ వైపు చూశాను.

“తెలియదమ్మా” అన్నాను. “ఇక్కడ ఎవరో అల్లి ఉంటారు.”

“పారేసేదైతే నేను తీస్కపోనా అమ్మా?” అని అమ్మ ఆంటీని అడిగింది.

“దానికేం, తీసుకెళ్లండి.”

బస్సులో అమ్మ దాన్ని ఒడిలో పరుచుకుని మెలికలు సాపు చేస్తూ కూర్చుంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే, ఎందుకు అబద్ధమాడినవని అడుగుతుంది. నేను కిటికీలోంచి మౌలాలి గుట్ట చూస్తూ ఉండిపోయాను.

రాష్ట్రం వచ్చింది. నా మాట నాకు తిరిగి వచ్చిందని సభల్లో చెప్పాను, చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం ప్రతి పండుగకూ పెట్టెలోంచి ఆ గుడ్డ తీసి, ఉతికి, తాంబాళం కింద పరుస్తుంది. చూడవచ్చినవాళ్లకు పట్నంలో దొరికిందని చెబుతుంది. ఈ ఏడు కూడా నా ముందే, పసుపూ గులాబీ కలిసిన చోట వేలు పెట్టి చూపించింది.

“పాపం, ఎవల బిడ్డనో. అన్నీ మంచిగ వేర్చింది గానీ నడుమ తెల్లది వెయ్యాలని ఆమెకు తల్లి చెప్పలే.”