స్విచ్‌బోర్డు ఎత్తున ఒక గీత

గంటాయనకి అసలు పేరొకటి ఉండేది గానీ, జీతం కాగితాల మీద తప్ప అది ఎక్కడా పనికిరాలేదు. బడిలో గంట కొట్టడం ఆయన ఉద్యోగం. ముప్ఫై ఒక్క ఏళ్లు కొట్టాడు. వీధిలో చిన్నా పెద్దా, ఆఖరికి కూరగాయల బండి మనిషి కూడా గంటాయనే అనేవాళ్లు. ఆయన పోయాక కూడా ఆవిడని "గంటాయన గారి ఆవిడ" అనడం ఎవరూ మానలేదు. ఆవిడ పలకడమూ మానలేదు.

ఆయన పోయింది చలికాలంలో. ఇప్పుడు జూన్. ఇన్నాళ్లలో ఆవిడ ఒక్కసారీ ఏడవలేదు. చేతులు వాటి మానాన అవి పని చేసుకుపోతున్నాయి. మొన్నామధ్య పక్కింటి టైలరమ్మ కూర రుచి చూసి, "ఇదేంటమ్మా, ఉప్పు వెయ్యడం మర్చిపోయావు" అంటే, "నిన్న కూడా వెయ్యలేదేమో" అంది ఆవిడ. అది అప్పటికి రెండు రోజులుగా తింటున్న కూరే.

ఆవిడ గుర్తుపెట్టుకున్నది ఒక్కటే పని. ఆసుపత్రి మంచం మీద ఆయన అప్పగించిన పని.

"జూన్‌లో గీత గియ్యాలి. మర్చిపోకు."

"మీరే గీద్దురు గాని లెండి" అంది ఆవిడ, ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దుతూ. ఆ మాట తప్పయింది.

ఆ గీత సంగతి చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి. గంటకీ గంటకీ మధ్య గంటాయనకి వరండాలో నిలబడి ఉండడమే పని. నిలబడి, కిటికీలోంచి వినపడిన పాఠమల్లా వినేవాడు. ఒకరోజు భూగోళం మాస్టారు చెప్పిన పాఠం ఆయన బుర్రలో దిగిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా మొదలుపెట్టాడు.

"ఏమే, భూమి నిటారుగా తిరగదట. ఓ పక్కకి వాలి తిరుగుతుందట. అందుకే ఎండాకాలంలో పొద్దు పొడుగు. అన్నిటికంటే పొడుగు పగలు జూన్ ఇరవై ఒకటో తారీఖో, ఆ పక్క రోజో."

"వాలిపోయి తిరిగితే మనం జారి పడమూ?"

"నువ్వు వంటింట్లోంచి కదిలితే కదా పడ్డానికి!"

మాస్టారు ఇంకా చాలా చెప్పాడట. ఎక్కడో బాగా ఉత్తరాన ఆ రోజు పొద్దు అసలు గుంకనే గుంకదట. కొన్ని దేశాల్లో కొండల మీద మంటలు వేసి చుట్టూ ఆడతారట. ఆ రాత్రి కోసిన ఆకులకి రోగాలు కుదిర్చే గుణం ఉందని నమ్ముతారట. ఆ ఒక్క రాత్రి మీద కథలూ పాటలూ రాసిపెట్టుకున్నారట. అన్నిటికంటే ఆయనకి నచ్చింది వేరే ఉంది. పొద్దు రోజూ కాస్త కాస్త ఉత్తరానికి జరిగి జరిగి, ఆ రోజుకి ఆగిపోతుంది. నాలుగైదు రోజులు ఉన్నచోటే ఉండి, మళ్లీ వెనక్కి బయలుదేరుతుంది.

"మనిషన్నాక ఎక్కడో ఓ చోట కూర్చోవాలి కదా, సూర్యుడైనా అంతే" అనేవాడు.

ముందు గదికి పడమటి కిటికీ ఉంది. దాని పై అద్దం పగిలితే గంటాయన అట్ట బిగించాడు. అట్టకి చొక్కా బొత్తాం అంత చిల్లు పొడిచాడు. పొద్దు వాలే వేళ ఆ చిల్లులోంచి వెలుగు ఎదుటి గోడ మీద నిమ్మకాయంత గుండ్రంగా పడుతుంది. చలికాలంలో అలమర పక్కన పడి, వారం వారం జరుగుతూ జూన్‌కి తలుపు దాకా వస్తుంది. అలా జరగడం ఆగిన రోజున, వెలుగు పైకెక్కి స్విచ్‌బోర్డు ఎత్తుకి రాగానే దాని నడిమధ్య పెన్సిల్‌తో నిలువు గీత గీసేవాడు. ఆ పెన్సిల్ స్విచ్‌బోర్డు మీదే ఉండేది. ఇరవై రెండేళ్లు గీశాడు.

"అద్దం వేయించండి, దోమలొస్తున్నాయి" అని ఆవిడ ఇరవై రెండేళ్లూ పోరింది.

ఏటా ఆ వేళకి ఆయన కేకేసేవాడు. "ఒసే, రా, వచ్చి చూద్దువు గాని!"

"పాలు పొయ్యి మీదున్నాయండీ."

"పొంగితే పొంగనీ, తుడుచుకుందాం."

"తుడిచేది మీరా, నేనా?"

ఆవిడ ఎప్పుడూ వెళ్లలేదు. గోడ తుడిచేటప్పుడు అక్కడేదో పెన్సిల్ మరక ఉందని తెలుసు, దాని జోలికి పోకుండా చుట్టూ తుడిచేది. అంతే.

అసలు చిక్కు మరిదితో వచ్చింది. గంటాయన తమ్ముడు వడ్రంగి. అన్న ఫొటోకి తనే చట్రం కట్టి పట్టుకొచ్చాడు. గోడంతా వెతికి, తలుపు పక్కన పెన్సిల్ గీత చూసి, చెయ్యి ఊపుతూ పిలిచాడు.

"వదినా, ఇటు చూడు! మేకు కోసం అన్నయ్య ముందే గుర్తు పెట్టుకున్నాడు. ఎంత జాగ్రత్త మనిషి!"

అని, సరిగ్గా ఆ గీత మీదే మేకు కొట్టేశాడు. కొడుతూ ఏడ్చాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఫొటో గీతని కప్పేసింది.

ఇరవై ఒకటో తారీఖున మబ్బు. చిల్లులోంచి ఏమీ రాలేదు.

ఇరవై రెండున ఎండ కాసింది. కానీ మరిది భార్యతో సహా వచ్చాడు. వాళ్లు కూర్చున్న కాసేపటికి వెలుగు వచ్చి ఫొటో అద్దం మీద, సరిగ్గా గంటాయన చొక్కా జేబు మీద పడింది. మరిది దిగ్గున లేచి నిలబడ్డాడు.

"చూశావా వదినా! అన్నయ్య వచ్చాడు. మనల్ని చూడ్డానికే వచ్చాడు."

తోడికోడలు కొంగుతో కళ్లొత్తుకుంది. దణ్ణం పెట్టుకుంటున్న ఆ ఇద్దరినీ పక్కకి జరగమని, ఫొటో దించాలని ఎలా చెప్పడం? ఆవిడ టీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడింది. వెలుగు జేబు మీంచి భుజం మీదికి, అక్కడినుంచి చట్రం మీదికి ఎక్కి పోయింది.

మర్నాడు మళ్లీ మబ్బు. టైలరమ్మ కాజాలు కుట్టే గుడ్డ ఒళ్లో పెట్టుకుని, గడప మీద కూర్చుని అడిగింది.

"ఏంటి, పొద్దున్నుంచీ ఆకాశం కేసి చూస్తున్నావు? బట్టలు కూడా ఆరెయ్యలేదుగా."

ఆవిడ సంగతంతా చెప్పింది. చెప్పడానికి మూడు వాక్యాలు కూడా పట్టలేదు.

"నాలుగైదు రోజులు అక్కడే ఉంటుందనేవాడుగా మీ ఆయన? రేపుంది, ఎల్లుండుంది. ఫొటో దించితే ఎవరేమంటారు? అంటే నాతో అంటారు, నేను చూసుకుంటాలే. నా నోటి సంగతి వీధికంతా తెలుసు."

ఇరవై నాలుగున మధ్యాహ్నానికే ఆకాశం తేటపడింది. ఆవిడ ఆరోజు సాయంత్రం పాలు వేళకి కాచలేదు. గిన్నె బోర్లించి, పొయ్యి మొత్తం ఆర్పేసింది. ఫొటో దించి, మంచం మీద దిండుకి ఆనించి పెట్టింది. చూస్తూ ఉంటాడు కదా అనేమీ అనుకోలేదు. పెట్టడానికి మరో చోటు తోచలేదు.

అప్పుడు గోడ చూసింది.

ఇరవై రెండు గీతలు ఉంటాయనుకుంది. వరసగా, దువ్వెన పళ్లలాగా. కాదు. ఒక్కటే ఉంది. వేలెడు పొడుగు, బొగ్గులా నల్లగా, గీసిన చోటే గీసి గీసి సున్నం గుంటపడి ఉంది. మధ్యలో మరిది కొట్టిన మేకు. ఏడాది ఏడాదికీ అక్కడికే వస్తే మళ్లీ గియ్యడం ఎందుకు? అడగాల్సిన ప్రశ్న అది. అడగాల్సింది ఆయన్ని.

పెన్సిల్ స్విచ్‌బోర్డు మీద దుమ్ములో దొరికింది. మొన కత్తితో చెక్కిన గుర్తులున్నాయి.

వెలుగు గోడ కింద పుట్టింది. అంచులు కాస్త వణుకుతున్నాయి. మెల్లగా పైకెక్కింది. ఇన్నేళ్లూ తను పాలగిన్నె ముందు నిలబడ్డ వేళ ఇదన్నమాట. ఇంతసేపు పడుతుందని తెలీదు. ఆయన ఇంతసేపూ ఒక్కడే నిలబడేవాడన్నమాట. స్విచ్‌బోర్డు ఎత్తుకి వచ్చేసరికి మేకు నీడ సన్నగా తలుపు వైపు సాగింది. వెలుగు నడిమధ్యలో నల్లగీత.

ఆవిడ పెన్సిల్ ఆనించి, మేకు పైనా కిందా, ఆయన గీత మీదే గీసింది. వెలుగు దాటిపోయాక దగ్గరికి వంగి చూసింది. తను గీసింది ఏదో, ఆయన గీసింది ఏదో తెలియలేదు. వేలు పెట్టి రాసింది. వేలికి నలుపు అంటింది.

"గీశానండీ" అంది, మంచం వైపు తిరగకుండానే.

పెన్సిల్ మళ్లీ స్విచ్‌బోర్డు మీద పెట్టింది. బయట ఇంకా బోలెడు వెలుతురుంది. వంటింట్లోకి వెళ్లి, బోర్లించిన గిన్నె తిప్పి, పాలు పోసి, పొయ్యి వెలిగించింది.