ఆయన తాగని బీడీ

చంద్రపూర్‌లో ఒక పెద్ద దవాఖానలో నేను కొంతకాలం పనిచేశాను. నర్సును కాను, డాక్టర్‌ను అసలే కాను. ఒక పరిశోధనలో సహాయకురాలిని. చీటీలు, ఫైళ్లు పోయి రోగుల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిన కొత్త అది. రోగి నోటితో చెప్పేది ఒకటి, డాక్టర్ కంప్యూటర్‌లో రాసేది ఒకటి. ఈ రెంటికీ మధ్య ఏం జారిపోతోందో చూడడం మా పని.

ఆ కొలువు నాకు దొరికింది భాష పుణ్యాన. మాది రాజురా అవతల పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. తెలుగు రాయడం పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నదే. పరిశోధన నడిపే మేడం నాగపూర్ నుంచి వచ్చేది. మొదటిరోజే నాతో చెప్పింది: "నువ్వు చూడాలి, అడగాలి, రాసుకోవాలి. అంతే. దేన్నీ సరిచేయకూడదు. సరిచేస్తే మనం చూస్తున్నది మారిపోతుంది." అప్పుడు ఆ మాట నాకు సబబుగానే తోచింది.

డాక్టర్ గది పక్కన వరండాలో నాకొక బల్ల వేశారు. చూపించుకుని బయటికి వచ్చినవాళ్లు, ఒప్పుకుంటే, నా దగ్గర కాసేపు కూర్చునేవారు. వాళ్ల జబ్బు గురించి వాళ్ల భాషలోనే అడిగేదాన్ని. సాయంత్రం వాళ్ల రికార్డు తెరిచి పోల్చేదాన్ని. చాలావరకు చిన్న తేడాలే. ఎడమ మోకాలు కుడి మోకాలై ఉండేది. కడుపులో మంట అన్నది కడుపునొప్పి అయ్యేది. లోపల డాక్టర్ నా ఈడు మనిషి, మరాఠ్వాడా వైపు నుంచి వచ్చినవాడు. ఆయన గది ముందు వరస మెట్లదాకా ఉండేది. పాత నోట్సును మౌస్‌తో పట్టి కొత్త తేదీ కింద అతికించడం ఆయన ఒక్కడి అలవాటు కాదు. అందరిదీ.

ఎండలు ముదిరిన రోజుల్లో భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. కోర్పనా దగ్గరి ఊరు. చేను తమ్ముడికి అప్పజెప్పి, ఘుగ్గుస్‌లో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కూలి చేస్తున్నాడు. మెడలో తులసిమాల. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి పట్టుకునేవాడు. ఆమె ఆయన పక్కన కూర్చోలేదు. బెంచీ ఆ చివర కూర్చుని, మొహం తిప్పుకుని ఉంది.

నేను తెలుగులో పలకరించేసరికి ఆయన మొహం వెలిగింది.

"మనోళ్లేనా బిడ్డా? ఏ ఊరు?"

ఊరు చెప్పాను. దగ్గు గురించి, ఆయాసం గురించి, మందుల గురించి అడిగాను. తర్వాత నా వరసలో వచ్చే ప్రశ్నే అడిగాను.

"కాకా, బీడీ, సిగరెట్ తాగుతరా?"

ఆయన బెంచీ చివర కూర్చున్న భార్య వైపు చూశాడు. ఆమె గిరుక్కున తిరిగింది.

"చెప్పు. గీ పిల్లకన్న నిజం చెప్పు. నాకైతే చెప్పకపోతివి."

"మాల మీద ఒట్టు బిడ్డా," అన్నాడు ఆయన. "నా జన్మల బీడీ ముట్టలే. మా నాయన తాగేటోడు, ఆ వాసనకే నాకు వాంతికొచ్చేది."

"మరి కంప్యూటర్ల ఎందుకున్నది?" అందామె. గొంతు పైకి లేచింది. "పోయినసారి నర్సమ్మ చదివి చెప్పింది. నీ పెనిమిటి బీడీలు బంద్ చేపియ్యి, లేకపోతె మందు పనిచెయ్యదన్నది. నేను అంగీ జేబులు దేవులాడిన. పనికాడికెళ్లి రాంగనే నోరు వాసన చూసిన. పొగ వాసన రానే వస్తది. ఫ్యాక్టరీది అంటడు. కంప్యూటర్ల ఉన్నది అబద్ధమెట్లయితది?"

"ఇంట్ల ఎవ్వలు నమ్ముతలేరు," అన్నాడాయన నాతో. "పోరగాండ్లు గూడ. మాల ఏసుకొని దొంగతనంగ తాగుతున్నడని నవ్వుతరు."

ఆ సాయంత్రం ఆయన రికార్డు తెరిచాను. ఉంది. పొగతాగే అలవాటు ఉంది, మానమని సలహా ఇచ్చాం. మొదటిసారి వచ్చినప్పుడు ఒక జూనియర్ డాక్టర్ రాసినది. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ అదే వాక్యం, అదే అక్షరదోషంతో సహా. ఏం పని చేస్తాడో రాయాల్సిన గడిలో 'కూలి' అని ఉంది. ఎక్కడి కూలి, ఏం పీలుస్తూ చేసే కూలి అన్నది ఎక్కడా లేదు. దాన్ని అడిగే గడి కూడా లేదు.

మర్నాడు ఎక్స్‌రేకి మళ్లీ వచ్చినప్పుడు ఆయన్ని పక్కకు పిలిచి, మొదటిరోజు డాక్టర్ ఏమడిగాడో గుర్తుచేసుకోమన్నాను. 

"ఒక చిన్న డాక్టర్ ఉండె. హిందీల అడిగిండు. ధువా లేతే హో క్యా, పొగ తీసుకుంటవా అన్నడు. నేను, హా సాబ్, దిన్ భర్, దినమంత అన్న. అబద్ధమా మరి? ఇనుము కాల్చే భట్టీకాడ పొగ గాక ఏముంటది? కండ్లు తెరిస్తె దుమ్ము, నోరు తెరిస్తె పొగ."

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.  ఆమె మా వెనకే నిలబడి ఉంది. విన్నది.  కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్ల దగ్గరికి పోయి కూర్చుంది.

ఇంటి గొడవ ఒక్కటే అయితే అక్కడితో తీరిపోయేది. ఆయన చాలారోజులుగా తనను భట్టీ దగ్గర్నుంచి తీసి గేటు దగ్గర వెయ్యమని ఫ్యాక్టరీలో అడుగుతున్నాడు. వాళ్ల క్లినిక్ వాళ్లు మా దవాఖాన కాగితం తెమ్మన్నారు. తీసుకుపోయాడు. పైనే ఉంది కదా, పొగతాగే అలవాటు అని. "నీ బీడీలకు మేమేం చెయ్యాలె?" అని పంపేశారట.

మేడంకి ఫోన్ చేశాను. ఆమె కటువైన మనిషి కాదు. 

"నువ్వు డాక్టర్‌కి చెప్తే ఆ రోగిని మన లెక్కలోంచి తీసేయాలి," అంది. "మనం వేలు పెట్టిన కేసు మన పరిశోధనలో ఉండకూడదు."

"ఇంతకంటే మంచి ఉదాహరణ మనకెక్కడ దొరుకుతుంది మేడం?"

"తెలుసు. కానీ రెండూ కుదరవు. చెప్పాలనుకుంటే చెప్పు. నేనైతే వద్దనను."

ఆ పూట తుకుం బస్తీలో నా అద్దె గదికి చేరి, అన్నం వండుకుంటూ అదే ఆలోచించాను. అసలు ఇలాంటివి బయటపెట్టడానికే కదా మేం ఉన్నది. ఈయన కోసం నోరు తెరిస్తే ఈయన సంగతి మా నివేదికలోకి ఎక్కదు. తెరవకపోతే, నివేదిక వచ్చి ఎవరైనా చదివి ఏదైనా మార్చేదాకా ఆయన భట్టీ దగ్గరే ఉంటాడు. నిజానికి పెద్దగా తేల్చుకోవాల్సింది ఏమీ లేదు. అయినా మనసు కుదుటపడలేదు.

మర్నాడు వరస అయిపోయాక డాక్టర్ గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన మొదట చిరాకుపడ్డాడు, నేను తప్పులెన్నడానికి వచ్చానని. ధువా సంగతి చెప్పేసరికి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"నేనే నాలుగైదుసార్లు అతికించి ఉంటాను దాన్ని," అన్నాడు. "ఒక్కసారి కూడా అడగలేదు."

అప్పటికప్పుడు రికార్డు తెరిచాడు. పాత నోట్సుకు తాళం పడి ఉంది, ఎవరూ దిద్దడానికి లేదు. కింద కొత్తగా రాశాడు: పొగతాగే అలవాటు లేదు, పని దగ్గర ఏళ్లుగా దుమ్ము, పొగ పీలుస్తున్నాడు. ప్రింట్ కొట్టి చూశాం. పైభాగంలో పాత మాట అలాగే వచ్చింది. కొత్త మాట రానే లేదు. ఆ పైభాగం వేరే చోటు నుంచి వస్తుందట, దాన్ని కంప్యూటర్ విభాగం వాళ్లే మార్చాలట. డాక్టర్ ఆ మాటను పెన్నుతో కొట్టేసి, పక్కన రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఫ్యాక్టరీ క్లినిక్‌లో అది చెల్లలేదు. చేతిరాత కాదు, కంప్యూటర్ కాగితం కావాలన్నారు.

కంప్యూటర్ విభాగానికి డాక్టర్ అర్జీ పెట్టాడు. నేను అడపాదడపా వెళ్లి అడిగేదాన్ని. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు పంపామనేవారు. వాళ్లు పెద్ద డాక్టర్ అనుమతి కావాలన్నారనేవారు. అనుమతి వచ్చాక, మనిషి సెలవులో ఉన్నాడన్నారు. ఎవరూ కసరలేదు, ఎవరూ కాదనలేదు. వానలు పడ్డాయి. కాగితం పైభాగంలోంచి ఆ పాత మాట చివరికి పోయిన రోజున నేనే ప్రింట్ తీసుకుని ఆయనకు ఫోన్ చేశాను. ఆమె ఎత్తింది.

"ఇప్పుడేం జేస్త బిడ్డా దాన్ని? పని బందయ్యింది. బస్సెక్కెతందుకే దమ్ము సరిపోతలేదు."

డాక్టర్ రాసిన చీటీ పట్టుకుని వాళ్లు నాగపూర్ పోయారు. అక్కడి దవాఖానలో ఒక పెద్ద వయసు డాక్టర్ కంప్యూటర్ వైపు చూడకుండా మొదట అడిగింది, ఏం పని చేస్తావని. ఊపిరితిత్తుల్లో దుమ్ము గట్టిపడిందని తేల్చారు. పోయింది తిరిగిరాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు.

పరిశోధన ముగిసి మేడం నివేదిక రాసింది. మంచి నివేదిక. పాత నోట్సు అతికించడం గురించి, పని వివరాలు అడిగే గడి లేకపోవడం గురించి గట్టిగానే రాసింది. అందులో చాలామంది రోగులున్నారు. ఆయన లేడు.

చలికాలం మొదట్లో వాళ్ల ఊరు వెళ్లాను. ఆయన వాకిట్లో ఎండకు మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. తమ్ముడి చేలో పత్తి ఎట్లున్నదో చెప్పబోయాడు. సగంలో ఊపిరి అందలేదు. ఆమె మిగతాది చెప్పింది, ఆయన తలూపాడు. మళ్లీ ఆయన మొదలుపెట్టాడు, మళ్లీ ఆమె పూర్తి చేసింది. అట్లా మాట్లాడడం ఇద్దరికీ అలవాటైపోయినట్టుంది.

ఆమె చాయ్ పెట్టడానికి లేచినప్పుడు నేనూ వెంట లోపలికి వెళ్లాను. పొయ్యి దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా అన్నది.

"ఎండకాలమంత ఆయనతోని మాట్లాడలే నేను. అన్నం పెట్టి జరిగిపోయేదాన్ని. అప్పుడు మంచిగ మాట్లాడేటోడు బిడ్డా. కడుపునిండ ముచ్చట చెప్పేటోడు."

 "మీ తప్పేం లేదు చిన్నమ్మా," అన్నాను.

"తప్పు సంగతి కాదు," అందామె. "ఆ ముచ్చట్లు పోయినయి గద."

చాయ్ వడపోసి, ఆయనది వేరే గ్లాసులో చల్లారబెట్టి, ముందుగా ఆయనకు పట్టుకుపోయింది.